ఉబుంటు అప్‌గ్రేడ్ మధ్యలో ఆగిపోతే ఏం చేయాలి?

ఉబుంటు 22.04 నుంచి 24.04కి మారుతుండగా అప్‌గ్రేడ్ సగంలో ఆగి, "అన్‌మెట్ డిపెండెన్సీస్" (ఒక ప్యాకేజీకి కావాల్సిన మరో ప్యాకేజీ సరిపడలేదని) అని ఎర్రర్ వచ్చిందా? టెన్షన్ పడి రీస్టార్ట్ కొట్టకండి. కొన్ని ప్యాకేజీలు (సిస్టమ్‌లోని సాఫ్ట్‌వేర్ భాగాలు) పాతవి, కొన్ని కొత్తవి ఉన్నప్పుడు సిస్టమ్ మళ్లీ బూట్ అవుతుందన్న నమ్మకం లేదు. నడుస్తుండగానే ముఖ్యమైన ఫైళ్లను బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోండి.

ఇప్పటికే రీస్టార్ట్ చేసి ఉంటే గ్రబ్ మెనూలో (కంప్యూటర్ ఆన్ అవుతుండగా వచ్చే బూట్ మెనూ) అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్లి, రికవరీ మోడ్ ఎంచుకుని, రూట్ షెల్ (అడ్మిన్ హక్కులతో కమాండ్లు ఇచ్చే తెర) తెరవండి. ఫైళ్లు రాయనివ్వకపోతే "మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /" ఇవ్వండి. కమాండ్లన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే టైప్ చేయాలి.

1. టెర్మినల్‌లో "డీఎఫ్ -హెచ్" కొట్టి డిస్క్‌లో చోటుందో లేదో చూడండి. నిండిపోతే "సుడో ఆప్ట్ క్లీన్" డౌన్‌లోడ్ చేసిన ప్యాకేజీ ఫైళ్లను తీసేస్తుంది. ఇందులో సుడో అంటే అడ్మిన్ హక్కులతో నడపమని, ఆప్ట్ (ఏ-పీ-టీ) అంటే ప్యాకేజీలను ఎక్కించి, తీసేసే టూల్.

2. "సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ" ఇవ్వండి. విప్పి పెట్టినా సెటప్ పూర్తికాని ప్యాకేజీలను ఇది పూర్తి చేస్తుంది. లాక్ ఎర్రర్ (ప్యాకేజీల సమాచారాన్ని ఇంకో ప్రోగ్రామ్ వాడుతోందని) వస్తే లాక్ ఫైల్‌ను డిలీట్ చేయొద్దు. వెనకాల ఇంకో ఆప్ట్ నడుస్తోందేమో చూసి, అది ముగిసేదాకా ఆగండి.

3. తర్వాత "సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్".

సిస్టమ్ చేజారేది సాధారణంగా ఇక్కడే. ఆప్ట్ చిక్కు విప్పడానికి కొన్ని ప్యాకేజీలను తీసేస్తానని జాబితా చూపించి, వై నొక్కమంటుంది. ఆ జాబితాను ఒక్కో పేరూ చదవండి. రెండు మూడు లైబ్రరీలే ఉంటే ఫర్వాలేదు. ఉబుంటు-డెస్క్‌టాప్, నెట్‌వర్క్-మేనేజర్, సిస్టమ్‌డీ వంటివి కనిపిస్తే ఎన్ నొక్కి బయటికి రండి. నెట్ పోయాక మిగతా ప్యాకేజీలు తెచ్చుకునే దారే మూసుకుపోతుంది.

అలాంటప్పుడు ఎర్రర్‌లో కనిపించిన ప్యాకేజీ పేరుతో "ఆప్ట్ పాలసీ" కొట్టండి. ఇన్‌స్టాల్ అయిన వెర్షన్ పక్కన 100 అంకె, డీపీకేజీ స్టేటస్ ఫైల్ దారి తప్ప మరే రిపాజిటరీ (ప్యాకేజీలు దించుకునే చోటు) కనిపించకపోతే, ఆ వెర్షన్ ఇప్పుడున్న రిపాజిటరీల్లో ఎక్కడా లేదన్నమాట. చాలాసార్లు ఏదో పీపీఏ (ఉబుంటు అధికారిక రిపాజిటరీలు కాకుండా విడిగా కలుపుకునే రిపాజిటరీ) నుంచి ఎక్కించుకున్నదే అయి ఉంటుంది. అక్కడే కనిపించే 24.04 వెర్షన్ నంబర్‌ను పేరు తర్వాత సమానం గుర్తు పెట్టి రాసి, "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్"తో దాన్ని వెనక్కి దించండి. "ఆప్ట్-మార్క్ షోహోల్డ్" కూడా చూడండి, ఏదైనా ప్యాకేజీని ఆపి పెట్టి ఉంటే అప్‌గ్రేడ్ అక్కడే ఇరుక్కుంటుంది. అప్పటికీ అర్థం కాకపోతే /వార్/లాగ్/డిస్ట్-అప్‌గ్రేడ్ ఫోల్డర్‌లోని ఆప్ట్-టర్మ్.లాగ్‌లో మొదటి ఎర్రర్ వెతకండి. కిందివి చాలావరకు దాని వల్ల వచ్చినవే.

4. ఎర్రర్లు పోయాక "సుడో ఆప్ట్ అప్‌డేట్", "సుడో ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్". ఇక్కడా తీసేసే జాబితా చదవాల్సిందే. ఆ తర్వాత "సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ -కే ఆల్", "సుడో అప్‌డేట్-గ్రబ్" ఇచ్చి, అప్పుడు రీస్టార్ట్ చేయండి.

అప్‌గ్రేడ్ టూల్ ఆపేసిన పీపీఏలను వెంటనే ఆన్ చేయకండి. 24.04కి (దాని కోడ్‌నేమ్ నోబుల్) ప్యాకేజీలు ఇస్తున్న వాటినే ఒక్కొక్కటిగా కలుపుకోండి.