ఉపాధ్యాయ శిక్షణ కోర్సుల సమాచారం ప్రజలకు అందడం లేదా? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

అమెరికాలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే విశ్వవిద్యాలయాలు ఆ శిక్షణ ఎలా సాగుతోందో ప్రజలకు చెప్పి తీరాలి. 1965 నాటి ఉన్నత విద్యా చట్టానికి 1998లో చేసిన సవరణల ద్వారా వచ్చిన టైటిల్ 2 నిబంధనల ప్రకారం, ప్రతి సంస్థ ఏటా ఏప్రిల్ 30లోగా రాష్ట్రానికి నివేదిక ఇవ్వాలి. రాష్ట్రాలు తమ నివేదికలను అక్టోబర్ 31లోగా ఫెడరల్ విద్యాశాఖకు పంపుతాయి. ఉపాధ్యాయ శిక్షణ సంస్థల నాణ్యతను పరిశీలించి గుర్తింపునిచ్చే ఎన్‌కేట్, టీయాక్ 2013లో ఒక్కటై కేప్‌గా ఏర్పడ్డాయి. ఆ కేప్ నుంచి గుర్తింపు పొందిన సంస్థలు వీటితో పాటు మరో నాలుగు కొలమానాలను కూడా తమ వెబ్‌సైట్లలో పెట్టాలి. ఇన్ని నిబంధనలున్నా కోర్సులో చేరాలనుకునే విద్యార్థికి కావలసిన జవాబు చాలాచోట్ల దొరకదు. ఆ వివరాలను తయారుచేసే విభాగాల సిబ్బందికి తరచు ఎదురయ్యే చిక్కులను, వాటిని విప్పే మార్గాలను ఇక్కడ వివరిస్తున్నాను.

సమస్య: ఉత్తీర్ణత ఏటా 100 శాతమే, కానీ ఎవరూ నమ్మడం లేదు

కారణం సాధారణంగా అంకెల్లో ఉండదు, హారంలో, అంటే శాతం కట్టేటప్పుడు ఎవరెవరిని లెక్కలోకి తీసుకున్నారన్న దానిలో ఉంటుంది. ఉపాధ్యాయుడిగా పనిచేసేందుకు రాష్ట్రం ఇచ్చే లైసెన్సు కోసం రాసే పరీక్షలో నెగ్గితేనే కోర్సు పూర్తయినట్టు పరిగణిస్తామని సంస్థ నియమం పెట్టుకుంటే, ‘కోర్సు పూర్తిచేసినవారి’లో నెగ్గనివారు ఉండే అవకాశమే లేదు. అప్పుడు వచ్చే 100 శాతం లెక్క ప్రకారం నిజమే అయినా, అది శిక్షణ నాణ్యత గురించి ఏమీ చెప్పదు. పాఠాలన్నీ చదివి, ఫీజులన్నీ కట్టి, పరీక్ష దగ్గర ఆగిపోయిన విద్యార్థి ఆ పట్టికలో ఎక్కడా కనిపించడు. కోర్సులో చేరాలా వద్దా అని ఆలోచించేవారు ముందుగా తెలుసుకోవలసింది ఆ విద్యార్థి గురించే కాబట్టి, ఈ లోపాన్ని నేను అన్నిటికంటే తీవ్రమైనదిగా భావిస్తాను.

అదే చట్టానికి 2008లో చేసిన సవరణ ఈ లోపాన్ని కొంతవరకు పూడ్చింది. పాఠశాలలో చేసే బోధనాభ్యాసం మినహా మిగతా కోర్సులన్నీ పూర్తిచేసి, పరీక్ష రాసినవారి ఉత్తీర్ణతను కూడా అది అడుగుతుంది. అంటే కావలసిన వివరం మీ నివేదికలో ఇప్పటికే ఉంది, దానిని ప్రజలు చూసే చోటికి తేవడమే మిగిలింది. ఒకే వరుసలో ఎంతమంది చేరారు, ఎంతమంది పాఠ్యాంశాలు పూర్తిచేశారు, ఎంతమంది పరీక్ష రాశారు, మొదటి ప్రయత్నంలో ఎంతమంది నెగ్గారు, చివరికి ఎంతమంది నెగ్గారు అన్నవి చూపండి. శాతం పక్కన తప్పనిసరిగా మనుషుల సంఖ్యను ఇవ్వండి. పరీక్షలో నెగ్గడం కోర్సు పూర్తికి షరతు అయితే, ఆ సంగతిని పట్టిక కింద చిన్న అక్షరాల్లో దాచకుండా పట్టిక పైనే ఒక వాక్యంలో చెప్పండి.

సమస్య: ఒకే కోర్సుకు రెండు చోట్ల రెండు సంఖ్యలు కనిపిస్తున్నాయి

విలేకరులు, తల్లిదండ్రులు దీన్ని చూసి సంస్థ ఏదో దాస్తోందని అనుకుంటారు. అసలు కారణం చాలావరకు క్యాలెండర్లలో ఉంటుంది. టైటిల్ 2 విద్యాసంవత్సరం సెప్టెంబర్ 1న మొదలై ఆగస్టు 31తో ముగుస్తుంది, కానీ అదే విశ్వవిద్యాలయం పట్టాల సంఖ్యను ఫెడరల్ గణాంకాల కోసం జూలై నుంచి జూన్ వరకు లెక్కిస్తుంది. పైగా టైటిల్ 2లో సంప్రదాయ కోర్సులను, ఉద్యోగం చేస్తూనే శిక్షణ పొందే ప్రత్యామ్నాయ మార్గాలను వేరువేరుగా చూపుతారు. ప్రతి పట్టికకూ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ కోర్సులను కలిపి లెక్కించారో శీర్షికలోనే రాస్తే ఈ అనుమానం తొలగిపోతుంది. ఏప్రిల్‌లో ఇచ్చే నివేదిక అంతకుముందు ముగిసిన విద్యాసంవత్సరానిదని కూడా గుర్తుచేయాలి. లేకపోతే పాత సమాచారాన్నే కొత్తదిగా చూపుతున్నారన్న ఫిర్యాదు వస్తుంది.

సమస్య: చిన్న కోర్సుల గడులన్నీ ఖాళీగా ఉన్నాయి

పరీక్ష రాసినవారు పదిమంది కంటే తక్కువైతే ఉత్తీర్ణత శాతాన్ని బయటపెట్టరు, ఎందుకంటే అంత చిన్న సమూహంలో ఎవరు తప్పారో పోల్చుకోవడం తేలిక. ఈ జాగ్రత్త సరైనదే. కానీ కారణం చెప్పకుండా గడిని ఖాళీగా వదిలేయడం సరికాదు. వరుసగా మూడేళ్ల విద్యార్థులను కలిపి, మొత్తం పదికి చేరితే ఆ ఉమ్మడి ఫలితాన్ని ఇవ్వండి. ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం: ఒక గడిని దాచి, మిగతా గడులను, మొత్తాన్ని చూపితే తీసివేతతో దాచిన సంఖ్య బయటపడుతుంది.

సమస్య: శిక్షణ పూర్తయ్యాక తెలిసింది, పక్క రాష్ట్రంలో ఆ అర్హత చెల్లదని

ప్రతి రాష్ట్రానికీ తన లైసెన్సు నిబంధనలు వేరుగా ఉంటాయి. అయినా కోర్సు వివరాలను సొంత రాష్ట్రాన్ని మాత్రమే దృష్టిలో పెట్టుకుని రాయడం దీనికి కారణం. తమ పాఠ్యప్రణాళిక ఏయే రాష్ట్రాల విద్యార్హతలను తీరుస్తుందో, ఎక్కడ తీర్చదో వెల్లడించాలన్న ఫెడరల్ నిబంధన 2020 జూలై 1న అమల్లోకి వచ్చింది. ఆ పట్టికను విశ్వవిద్యాలయపు సాధారణ నియమాల మధ్య కాకుండా ఉపాధ్యాయ కోర్సు వివరాల పక్కనే ఉంచాలి. కేవలం పట్టికతో సరిపెట్టకుండా, విద్యార్థి నివసించే రాష్ట్రంలో అర్హత తీరదన్న సంగతిని అతను చేరకముందే లిఖితపూర్వకంగా నేరుగా తెలియజేయాలి.

సమస్య: పట్టభద్రులు తరగతిలో ఎలా బోధిస్తున్నారో ఎక్కడా లేదు

విద్యార్థుల చదువుపై పట్టభద్రుల ప్రభావం, వారిని నియమించిన పాఠశాలల సంతృప్తి, శిక్షణ ముగిసేనాటికి అభ్యర్థుల సామర్థ్యం, తాము శిక్షణ పొందిన ఉద్యోగాల్లో వారు చేరగలగడం అన్నవి కేప్ అడిగే నాలుగు కొలమానాలు. వీటిలో మొదటి రెండు సంస్థ చేతిలో పూర్తిగా ఉండవు. కొన్ని రాష్ట్రాలు విద్యార్థుల ప్రగతి వివరాలను కళాశాలలతో పంచుకోవు, ప్రధానోపాధ్యాయులేమో సర్వేలకు అరుదుగా జవాబిస్తారు. అలాంటప్పుడు అయిదారుగురి జవాబుల సగటును ‘95 శాతం సంతృప్తి’గా ప్రకటించడం కంటే, ఎంతమందికి సర్వే పంపారో, ఎంతమంది జవాబిచ్చారో చెప్పి, కొద్దిమంది పట్టభద్రుల తరగతులను స్వయంగా పరిశీలించి రాసిన వివరమైన నివేదికను పెట్టడం చాలా మేలు.

సమస్య: వివరాలన్నీ ఉన్నాయి, ఎవరికీ కనబడవు

గుర్తింపు పరిశీలన కోసం తయారుచేసిన దస్త్రాన్నే యథాతథంగా ప్రజల ముందు పెట్టడం వల్ల ఇలా జరుగుతుంది. ఉపాధ్యాయ విద్యా విభాగపు మొదటి పేజీ నుంచి ఒక్క నొక్కుతో చేరేలా లింకు ఇవ్వండి, చివరిసారి సవరించిన తేదీ వేయండి, ప్రశ్నలకు బాధ్యుడైన ఉద్యోగి హోదాను, సంప్రదించే మార్గాన్ని తెలపండి. ప్రచురించిన సంఖ్యలో తప్పు దొరికితే నిశ్శబ్దంగా మార్చకుండా, పాత సంఖ్యను, కొత్త సంఖ్యను, మార్చిన కారణాన్ని అదే పట్టిక కింద నమోదు చేయండి.