వాన పడితే సిగ్నల్ పోయే కోయాక్స్: నా అనుభవం

నాకు హామ్ రేడియో (లైసెన్సుతో సరదాగా నడిపే రేడియో) అలవాటు. మా డాబా మీది 2 మీటర్ల బ్యాండ్ (సుమారు 145 మెగాహెర్ట్జ్) యాంటెన్నాకి కింది రేడియో నుంచి 25 మీటర్ల ఆర్‌జీ-213 రకం కోయాక్స్ (నడుమ తీగ, దాని చుట్టూ రాగి అల్లిక ఉండే కేబుల్) వేశాను. వానాకాలం వచ్చేసరికి రిపీటర్‌లో (మన సిగ్నల్ అందుకుని దూరానికి మళ్లీ పంపే స్టేషన్) నా గొంతు గరగర, కింద మీటర్‌లో ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్ ఎంత తిరిగొస్తోందో చెప్పే అంకె, 1కి దగ్గరైతే మంచిది) మాత్రం 1.2, భేషుగ్గా ఉంది. రేడియో మార్చాను, యాంటెన్నా మళ్లీ ట్యూన్ చేశాను, రిపీటర్‌ని తిట్టుకున్నాను, లాభం లేదు.

చివరికి పైన యాంటెన్నా విప్పి, ఆ కొసన వాట్ మీటర్, 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పవర్‌ని వేడిగా మార్చేసే రెసిస్టర్) పెట్టి, కింద తమ్ముణ్ణి రేడియోలో మాట్లాడే బటన్ నొక్కమన్నాను. కింద 25 వాట్లు, పైన ఆరు! తిరిగొచ్చే పవర్‌ని కూడా తడిసిన కేబులే మింగేస్తోంది, అందుకే ఎస్‌డబ్ల్యూఆర్ అంత ముద్దుగా కనిపించింది.

పై తొడుగు కోస్తే లోపలి రాగి అల్లిక నల్లగా ఉంది. కనెక్టర్ దగ్గర దూరిన నీళ్లు, దీపం వత్తి నూనె పీల్చినట్టు, ఆ అల్లిక వెంట పాకాయి. జానెడు జానెడు కోసుకుంటూ పోతే రెండు మూరల తర్వాత రాగి మెరిసింది. అక్కడ కొత్త పీఎల్-259 కనెక్టర్‌కి టంకం వేశాను (వేడి ఎక్కువైతే తెల్ల పాలిథిన్ కరిగి నడిమి తీగ పక్కకి జరుగుతుంది, ఒకటి అలాగే పాడు చేశాను). మల్టీమీటర్‌తో షార్ట్ లేదని చూసుకుని, సాగదీస్తే తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు, దానిపైన మామూలు నల్ల టేపు చుట్టి, కనెక్టర్ కింద కేబుల్‌ని ఒక వంపు తిప్పాను, నీళ్లు అక్కడే కారిపోతాయి.

ఇప్పుడు పైన 15 వాట్లు. ఈ కేబుల్‌కి ఆమాత్రం నష్టం మామూలే. నాది కొసనే తడిసింది కాబట్టి సరిపోయింది, తొడుగు ఎండకి పొడవునా పగిలి ఉంటే మాత్రం కోసి లాభం ఉండకపోవచ్చు, మొత్తం మార్చుకోవాల్సిందే.