గాయపడ్డ శరీరానికి యోగా నేర్పడం – 4వ పాఠం: చేయి వేయకుండా ఆసనం సరిచేయడం

పోయిన పాఠంలో గది సర్దుకున్నాం. పడుకున్నా కూర్చున్నా తలుపు కనబడేలా జంపఖానాలు పరచడం, శవాసనంలో లైట్లన్నీ ఆర్పకపోవడం, టీచరు వరుసల వెనక తిరగకపోవడం నేర్చుకున్నాం. ఈసారి చేతుల సంగతి. హన్మకొండలో అపార్ట్‌మెంట్ సెల్లార్ బ్యాచ్ నడిపేవాళ్లకైనా, కాజీపేటలో మహిళా సంఘానికి పొద్దున ఆరింటికి నేర్పేవాళ్లకైనా మేం పెట్టే నియమం ఒక్కటే. మొదటి ఏడాది ఎవరి ఒంటి మీదా చేయి వేయొద్దు. ఏడాది తిరిగేసరికి ఆ అవసరం ఎంత తక్కువో మీకే తెలిసొస్తుంది.

ఎవరికి గాయం (దెబ్బలో, లైంగిక హింసో మనసులో, ఒంట్లో మిగిల్చిన భయం) ఉందో కనుక్కుని వాళ్లను మాత్రం ముట్టుకోకుంటే సరిపోదా అని కొందరు అడుగుతారు. కనుక్కోవద్దు. చేరేటప్పుడు నింపే ఫారంలో బీపీ, గర్భం, ఆపరేషన్లు, నడుము, మోకాళ్ల గురించి అడిగితే చాలు. కొట్టే భర్త గురించో, చిన్నప్పుడు జరిగినదాని గురించో ఫారంలో రాయమంటే ఎవరూ రాయరు. రాసినా ఆ కాగితం భద్రంగా దాచే ఏర్పాటు మన దగ్గర ఉండదు. అందరికీ ఒకే పద్ధతి పెడితే ఎవరూ విడిగా కనబడరు.

ఈ నియమం ఎందుకింత గట్టిగా పెట్టామో తెలియాలంటే మైసూరు సంగతి తెలియాలి. ఊపిరితో జతచేసి వరుసగా ఆసనాలు వేసే అష్టాంగ విన్యాస యోగాను మైసూరు నుంచి ప్రపంచమంతా పాకించిన కె. పట్టాభి జోయిస్ (1915–2009) ఆసనం సరిచేసే పేరుతో తమను లైంగికంగా తాకారని పలువురు శిష్యురాళ్లు చెప్పారు. 2017లో వాళ్లలో ఒకరైన కరెన్ రెయిన్ బహిరంగంగా రాశాక మిగతావాళ్లూ ముందుకొచ్చారు. 2019లో ఆయన మనవడు శరత్ జోయిస్ ఆ సంగతి ఒప్పుకుని విచారం తెలిపారు. మనం గమనించాల్సింది ఏమంటే, ఇదంతా మూసిన గదిలో జరగలేదు. నిండా మనుషులున్న హాల్లో, అందరూ చూస్తుండగా జరిగింది. ఆసనం సరిచేయడం అనే పేరు ఉన్నంతసేపు చూసేవాళ్లకు అది పాఠంలో భాగంగానే కనబడింది. నలుగురిలో చేస్తున్నాం కదా, తప్పేముంది అనే మాట అందుకే చెల్లదు.

పైగా మన ఊళ్లలో 'సార్' చేయి వేస్తే వద్దనేవాళ్లు ఎంతమంది? మాట పెగలకపోవడానికి మొహమాటం ఒక కారణం. దానికంటే లోతైనది ఇంకొకటి ఉంది. గతంలో దెబ్బతిన్న శరీరానికి ఊహించని స్పర్శ తగిలితే పారిపోవడం, తిరగబడడం రెండూ కుదరనప్పుడు అది బిగుసుకుపోతుంది. బయటికి మాత్రం కదలకుండా, చెప్పినట్టు విన్నట్టే ఉంటుంది. టీచరు దాన్ని ఒప్పుకోలు అనుకుని ఇంకొంచెం ఒత్తుతాడు.

నాలుగు ఆసనాలు, చేయి లేకుండా

ముందు క్రమం పట్టుకోండి. మొదట మాట. మాటతో కాకపోతే మీరు పక్కన నిలబడి చేసి చూపడం. అదీ చాలకపోతే గోడ, ఇటుక, మడత జంపఖానా. మూడూ అయ్యాక కూడా ఆసనం కుదరలేదంటే ఆ మనిషికి ఆ రోజు ఆ ఆసనం వద్దు.

వీరభద్రాసనం రెండోది (కాళ్లు ఎడంగా పెట్టి, ముందు మోకాలు వంచి, చేతులు రెండు పక్కలకు చాపి నిలబడడం) తీసుకోండి. సాధారణంగా జరిగే తప్పు ముందు మోకాలు లోపలికి ఒరగడం. చాలామంది టీచర్లు ఎదురుగా కూర్చుని తొడ పట్టుకుని బయటికి తోస్తారు. దాని బదులు ఇట్లా చెప్పండి: "ఒక్కసారి కిందికి చూడండి, మోకాలి లోపలి పక్కన కాలి బొటనవేలు కనబడుతుందా?" కనబడకపోతే మోకాలు ఒరిగినట్టే. సరిచేసుకోవడం వాళ్ల పనే. అయినా ఒరుగుతుంటే కాళ్ల మధ్య దూరం ఎక్కువై ఉంటుంది. 4 అడుగులు ఉన్నదాన్ని 3 అడుగులకు తగ్గించమనండి. నున్నటి గ్రానైట్ మీద నూలు జంపఖానా జారుతుంది. జారుతుందన్న భయానికే మోకాలు బిగుసుకుని ఒరిగే మనుషులున్నారు. నిలబడే ఆసనాలకు రబ్బరు మ్యాటో, ఒట్టి కాళ్లతో నేలో మేలు.

త్రికోణాసనంలో (కాళ్లు ఎడంగా పెట్టి పక్కకు వంగడం) చేయి నేలకు అందించాలన్న ఆరాటంతో మొండెం ముందుకు తిరిగి వంగిపోతుంది. అప్పుడు టీచరు వెనక నిలబడి రెండు చేతులతో తుంటి పట్టుకుని వెనక్కి లాగడం చాలాచోట్ల అలవాటు. వెనక నుంచి, తుంటి మీద, కనబడని చేతులు. గాయపడ్డ మనిషికి ఇంతకంటే చెడ్డ స్పర్శ ఉండదు. గోడకు వీపు పెట్టి నిలబడమనండి. మడమలు గోడకు 2 లేక 3 అంగుళాల దూరంలో ఉండాలి. ముందు పాదం పక్కన గుడ్డ చుట్టిన ఇటుక నిలువుగా పెట్టండి. 9 అంగుళాల ఎత్తు చాలామందికి సరిపోతుంది, చాలని వాళ్లు మోకాలి కింద ముందు ఎముక మీద చేయి పెట్టుకోవచ్చు. మోకాలి చిప్ప మీద మాత్రం వద్దు. వంగినప్పుడు వీపు గోడకు ఆనుతుందా లేదా అన్నది వాళ్లకే తెలుస్తుంది. గోడ చేసే పనికి మన చేతులు అక్కర్లేదు.

పశ్చిమోత్తానాసనం (కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగడం) దగ్గర కొంచెం ఆగుదాం. వీపు మీద చేతులు పెట్టి, కొన్నిచోట్ల ఒళ్లంతా వాల్చి, కిందికి ఒత్తుతారు. "సార్, గట్టిగ ఒత్తండి" అని అడిగి మరీ ఒత్తించుకునేవాళ్లూ ఉంటారు. వంగేది నడుము వెన్నెముక అయి తుంటి కదలకపోతే, ఆ బరువంతా డిస్కుల మీదా, తొడ వెనక కండరం కూర్చునే ఎముకకు అతుక్కునే చోటా పడుతుంది. అక్కడ చిరిగితే మానడానికి నెలలు పడుతుంది. సరైన దారి కింద నుంచి మొదలవుతుంది. వరంగల్ కొత్తవాడ జంపఖానా మందంగా ఉంటుంది కాబట్టి దాన్ని 4 అంగుళాల ఎత్తు వచ్చేలా మడిచి దాని అంచున కూర్చోమనండి. మోకాళ్లు వంచుకోనివ్వండి. అరికాళ్ల చుట్టూ తువ్వాలు వేసి రెండు కొసలూ పట్టుకోమనండి. బొడ్డు తొడల వైపు వస్తుంటే చాలు, తల మోకాలికి తగలడం లెక్కలోకి రాదు. తువ్వాలు పట్టుకోవడం కొందరికి ఇబ్బంది. చేతులు కట్టేసిన గతం ఉన్నవాళ్లకు పట్టీ ఏదైనా గుర్తు తెస్తుంది. అందుకే తువ్వాలు పక్కన పెట్టి ఉంచండి, చేతికివ్వకండి.

సేతుబంధాసనంలో (వెల్లకిలా పడుకుని మోకాళ్లు వంచి తుంటి ఎత్తడం) మోకాళ్ల మధ్య నిలబడి తుంటి ఎత్తే టీచరును చూస్తే ఆ క్లాసు మానేయడమే మంచిది. మడమలు పిరుదులకు జానెడు దూరంలో ఉంచుకుని పాదాలతో నేలను నొక్కమంటే తుంటి దానంతటదే లేస్తుంది.

మాట కుదుర్చుకోవడం

మాట నేల నుంచి మొదలవ్వాలి: పాదం ఎక్కడ, ఆ తర్వాత ఏది ఎటు కదలాలి, చివరికి వాళ్లంతట వాళ్లు సరిచూసుకునే గుర్తు. "రొమ్ము ముందుకు, పిరుదులు పైకి" అనకండి. "గొంతు కింది ఎముకలు వెడల్పుగా", "తుంటి ఎముకలు పైకి" అంటే పని అవుతుంది, ఎవరూ తల దించుకోరు. ఎంతసేపు ఉండాలో ముందే చెప్పండి: "మూడు శ్వాసలు ఉంటం, తర్వాత దిగుతం. ముందే దిగినా మంచిదే." లెక్క తెలియని బాధ ఎక్కువగా ఉంటుంది.

ప్రతి ఆసనానికీ రెండు దారులు ఇవ్వండి. ఐదు ఇస్తే ఏది ఎంచుకోవాలో తెలియక మనిషి ఆగిపోతాడు. రెండూ సమానంగా వినబడాలి. "చేతకానోళ్లు గిట్ల చేయండి" అన్నాక అది ఎంపిక కాదు, శిక్ష. ముందు తేలికది చెప్పి మీరూ అదే చేసి చూపండి, తర్వాత రెండోది చెప్పండి. "ఏం కాదు, భయపడకండి, వదిలేయండి" అనే మాటలు మానేయండి. భయపడుతున్న మనిషికి అవి ఆజ్ఞల్లాగే వినిపిస్తాయి.

ఈ పద్ధతికి వెనక గట్టి పునాదే ఉంది. అమెరికాలో 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో చికిత్సకు లొంగని పీటీఎస్‌డీ (గాయం తర్వాత ఆ భయం, జ్ఞాపకాలు వదలకుండా వెంటాడే జబ్బు) ఉన్న 64 మంది స్త్రీలను రెండు జట్లు చేశారు. 10 వారాలు వారానికోసారి గాయాన్ని దృష్టిలో పెట్టుకున్న యోగా చేసిన 31 మందిలో 16 మందికి ఆ జబ్బు నిర్ధారణ లక్షణాలు చివరికి లేవు. ఆరోగ్య పాఠాలు విన్న జట్టులో 29 మందికి 6 మందే. చిన్న అధ్యయనం, ఒక్కదానితో గొప్పలు పోకూడదు. "తుంటి కండరాల్లో దుఃఖం దాక్కుంటుంది, ఆసనం చేస్తే కరిగి బయటికొస్తుంది" అని ప్రచారం చేసేవాళ్లకు మాత్రం శరీర నిర్మాణ శాస్త్రంలో ఆధారం లేదు. క్లాసులో ఎవరైనా ఏడిస్తే అది మీ విజయమని అనుకోకండి.

మనిషి బిగుసుకుపోతే

గుర్తులు: ఊపిరి పైపైనే ఆగడం, చూపు ఒకచోట నిలిచిపోవడం, కాలివేళ్లు ముడుచుకోవడం, మీ మాటకు అందరికంటే ఆలస్యంగా కదలడం, కారణం లేని నవ్వు. దగ్గరికి పరుగెత్తకండి. ఎదురుగా, పక్కకు, 6 అడుగుల దూరంలో ఉండి క్లాసు మొత్తానికి చెప్పండి: "అందరం కండ్లు తెరుద్దాం. పాదాలు నేలకు ఆనిద్దాం. గదిలో మూడు వస్తువులు చూద్దాం." లోతుగా ఊపిరి పీల్చమని అడగొద్దు. గుండె దడ ఉన్నప్పుడు బలవంతపు దీర్ఘ శ్వాస, కపాలభాతి (ఊపిరి గబగబా బయటికి కొట్టడం), కుంభకం (ఊపిరి బిగబట్టడం) దడను పెంచవచ్చు. ఏం జరిగిందని అడగకండి. క్లాసయ్యాక తలుపు తీసి ఉంచి మంచినీళ్లివ్వండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 చెప్పండి. అక్కడితో మీ పని అయిపోయింది. టీచరు కౌన్సెలర్ కాదు.

కొన్ని క్లాసుల్లో రెండు రంగుల కార్డులు పెడతారు. పచ్చ పైకి ఉంటే ముట్టుకోవచ్చు, ఎర్ర ఉంటే వద్దు. ఏమీ లేకపోవడం కంటే నయం. కానీ పక్కవాళ్లంతా పచ్చ పెడితే కొత్తగా చేరిన అమ్మాయి ఎర్ర ఎట్లా పెడుతుంది? పెట్టాల్సివస్తే ఎర్రదే మొదటి నుంచి ఉండాలి, మధ్యలో ఎప్పుడైనా తిప్పుకునే వీలుండాలి, తిప్పినందుకు కారణం అడగొద్దు. ఫొటోలకూ ఇదే లెక్క. యోగా దినోత్సవం జూన్ 21న తీసిన వీడియో వాట్సాప్ గ్రూపులో పెట్టేముందు ఒక్కొక్కరినీ అడగాలి.

ఎవరైనా ఫిర్యాదు చేస్తామంటే దారి తెలిసి ఉండాలి. పది మందికంటే తక్కువ పనిచేసే కేంద్రాల మీద ఫిర్యాదు 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద జిల్లా స్థానిక కమిటీకి వెళ్తుంది. గడువు 3 నెలలు, కమిటీ ఇంకో 3 నెలలు పొడిగించవచ్చు. హన్మకొండ, వరంగల్ వేర్వేరు జిల్లాలు, కాబట్టి కేంద్రం ఏ జిల్లాలో ఉందో ఆ కమిటీకే ఇవ్వాలి. సాయానికి ఫోన్ నంబర్లు: స్త్రీలకు 181, పిల్లలకు 1098. పిల్లల విషయమైతే, తెలిసి కూడా చెప్పకపోవడం పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కింద నేరం. ఆస్ట్రేలియాలో మాంగ్రోవ్ మౌంటెన్ యోగాశ్రమంలో పిల్లలపై జరిగిన అఘాయిత్యాల మీద అక్కడి ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్ 2014లో విచారణ జరిపేసరికి దశాబ్దాలు గడిచిపోయాయి.

ఈ వారం పని: వీరభద్రాసనం రెండోది నేర్పుతూ 5 నిమిషాలు ఫోన్‌లో మీ గొంతు రికార్డు చేయండి. వింటూ ఎన్నిసార్లు రెండో దారి ఇచ్చారో, ఎన్నిసార్లు "ఇంకొంచెం" అన్నారో గీతలు గీయండి. తర్వాత చేతులు వెనక కట్టుకుని తోటి టీచరుకో, ఇంట్లో వదినకో త్రికోణాసనం నేర్పండి. చేతులు ముందుకు వచ్చినచోట మీకు ఏ మాట దొరకలేదో అది నోట్‌బుక్‌లో రాసుకోండి. 5వ పాఠంలో శవాసనం: కళ్లు మూయకుండా, వెల్లకిలా పడుకోకుండా విశ్రాంతి.