క్రాన్‌లో ఆగిపోయిన అప్‌డేట్ స్క్రిప్టు: నా అనుభవం

అమలాపురం దగ్గర మా ఊరి గ్రంథాలయంలో డెబియన్ (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) నడిచే ఎనిమిది కంప్యూటర్లను నేనే చూసుకుంటాను. తెల్లవారుజామున అప్‌డేట్లు వాటంతట అవే పడేలా ఒక స్క్రిప్టు (వరుస ఆదేశాల ఫైలు) రాసి, రూట్ (సర్వాధికారాలున్న ఖాతా) క్రాన్‌టాబ్‌లో పెట్టాను. చెప్పిన వేళకు పనులు వాటంతట నడిపే ప్రోగ్రామ్ క్రాన్, దాని పనుల పట్టిక క్రాన్‌టాబ్. చేత్తో నడిపితే చక్కగా పనిచేసేది. క్రాన్ నడిపితే మాత్రం ప్యాకేజీలు దిగేవి, ఇన్‌స్టాల్ అయ్యేవి కావు. వానాకాలం కదా, కరెంటు పోయిందేమోనని రెండు రోజులు ఇన్వర్టర్ చుట్టూ తిరిగాను. ముందే లాగ్ (ఏం జరిగిందో నమోదయ్యే ఫైలు) చూసి ఉండాల్సింది.

అవుట్‌పుట్‌ను, ఎర్రర్లను ఒక ఫైలులోకి మళ్లించాక సంగతి బయటపడింది. తనకు కావాల్సిన ఎల్‌డీకాన్ఫిగ్, స్టార్ట్-స్టాప్-డీమన్ అనే ప్రోగ్రాములు పాత్‌లో (ప్రోగ్రాముల కోసం వెతికే డైరెక్టరీల జాబితాలో) కనబడటం లేదని, ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీ చెబుతోంది. అవి ఉండేది ఎస్‌బిన్ అనే, సిస్టమ్ నిర్వహణ ప్రోగ్రాముల డైరెక్టరీల్లో. క్రాన్‌టాబ్‌కు మామూలుగా దక్కే పాత్‌లో ఉన్నవి /యూఎస్ఆర్/బిన్, /బిన్ మాత్రమే. నేను రూట్‌గా లాగిన్ అయితే ఎస్‌బిన్ కూడా చేరుతుంది కాబట్టి చేత్తో నడిపినప్పుడు లోపం దొరకలేదు.

స్క్రిప్టు మొదట్లోనే ఎస్‌బిన్‌తో సహా పాత్ మొత్తం రాశాను. పనిలో పనిగా, ఇన్‌స్టాల్ వేళ ప్రశ్నలు అడగకుండా డెబియన్_ఫ్రంటెండ్ అనే సెట్టింగును నాన్‌ఇంటరాక్టివ్ చేసి, మేము మార్చుకున్న సెట్టింగుల ఫైళ్లను అలాగే ఉంచమని డీపీకేజీకి ఫోర్స్-కాన్ఫ్‌ఓల్డ్ అనే ఆప్షన్ ఇచ్చాను. లేకపోతే జవాబిచ్చే మనిషి లేని వేళ అది ప్రశ్న అడిగి అక్కడే చిక్కుకుంటుంది.

మర్నాడు తలుపులు తీయగానే లాగ్ చూశాను. ఎనిమిదింటిలోనూ ఎగ్జిట్ కోడ్ 0, అంటే పని లోపం లేకుండా ముగిసింది.