చదవనని మొండికేసే పిల్లలకి ఐస్‌పుల్ల కథ

ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో చాలామంది పిల్లలకి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, దాంతో తెలుగు పుస్తకం చేతికిస్తే చాలు మొహం తిప్పేసుకుంటారు. తిట్టకండి, బతిమాలకండి కూడా. ముందు కథ నోటితో మొదలుపెట్టండి.

నేను వాడేది ఐస్‌పుల్ల కథ. 1905లో అమెరికాలో ఫ్రాంక్ ఎపర్సన్ అనే 11 ఏళ్ల కుర్రాడు సోడా డ్రింకు పొడి కలిపిన నీళ్ల గ్లాసుని, కలిపిన పుల్లతో సహా, చలిరాత్రి వరండాలో మర్చిపోయాడు. పొద్దున్నే లేచి చూస్తే... అక్కడ ఆపేయండి! మిగతాది పెద్ద అక్షరాలతో నాలుగు లైన్లు రాసి ఫ్రిజ్‌కి అంటించండి, వాళ్లే వెళ్లి కూడబలుక్కుంటారు. చదివాక గ్లాసులో షర్బత్ పోసి పుల్ల గుచ్చి ఫ్రీజర్లో పెట్టించండి.

కాస్త పెద్దవాళ్లకైతే లూయీ బ్రెయిలీ. మూడేళ్లప్పుడు నాన్న తోలుపని చేసే చోట ఆడుకుంటుంటే తోలుకి చిల్లులు పొడిచే ఆర కంట్లో గుచ్చుకుంది, తర్వాత రెండో కన్నూ పోయింది, అయినా 1824కల్లా, అంటే 15 ఏళ్లకే, చూపులేనివాళ్లు వేళ్లతో తడిమి చదువుకునే ఆరు చుక్కల లిపి తయారుచేశాడు. దళసరి కాగితం కింద గుడ్డ పరిచి, పెన్ను మొనతో చుక్కలు నొక్కి, తిప్పి, కళ్లు మూసుకుని తడమమనండి.

తప్పు చదివితే వెంటనే దిద్దొద్దు. నేను మాటమాటకీ దిద్దితే మా పాప వారం రోజులు పుస్తకం ముట్టలేదు. కథ మళ్లీ చెప్పేటప్పుడు మధ్యలో ఒడియా మాట దొర్లినా పోనివ్వండి. వాడుకభాష కోసం కొట్లాడిన గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరండీ మాది, ఆ మాత్రం చనువు ఉంటుంది!