మెదడు మీదే రికార్డింగ్ తీస్తామన్నారా? ఫిట్స్ ఆపరేషన్‌కు ఇంటివాళ్లు సిద్ధపడే తీరు

ఫిట్స్ ఆపరేషన్ మధ్యలో మెదడు మీదే రికార్డింగ్ తీస్తామని డాక్టర్ చెప్పగానే కొందరు భయపడతారు: తల తెరిచాక కూడా జబ్బు ఎక్కడుందో వీళ్లకు తెలియదా అని. ఇంకొందరు ధీమా పడతారు: మెషీన్ పెట్టాక అంతా అదే తేలుతుందిలే అని. రెండూ సరికాదు. మాది కల్వకుర్తి పక్క ఊరు, హైదరాబాద్‌లో ఈఈజీ టెక్నీషియన్‌గా, అంటే మెదడులోని కరెంటును గీతలుగా రికార్డు చేసే పనిలో ఉన్నాను. థియేటర్‌లో ఆ రికార్డింగ్‌కు మాకు దొరికే టైమ్ మహా అయితే పావుగంట, ఇరవై నిమిషాలు. అంతలో ఎక్కడ వెతకాలో ముందే తెలిసుండాలి. అందులో సగం తెలిసేది మీ నోటినుంచే.

ముందు ఇది మీవాళ్లకు అవసరమా అన్నది చూసుకోండి. సరిగ్గా ఎంచిన రెండు రకాల మందులు, సరైన డోసులో వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అంటారు. 2010లో అంతర్జాతీయ మూర్ఛ సంఘం పెట్టిన లెక్క ఇది. అక్కడికి వచ్చాక కూడా మూడో మందు, నాలుగో మందు అంటూ పదేళ్లు గడిపేసేవాళ్లే మన జిల్లాల్లో ఎక్కువ కనిపిస్తారు. నన్నడిగితే రెండో మందు పనిచేయనప్పుడే ఆపరేషన్ సంగతి అడగాలి. అడిగినంత మాత్రాన ఎవరూ కత్తి పట్టుకోరు, పరీక్షలు మొదలవుతాయి, అంతే.

ఎంఆర్ఐలో మచ్చ స్పష్టంగా ఉండి, వీడియో ఈఈజీ (ఆసుపత్రిలో ఉంచి కెమెరాతో పాటు ఈఈజీ పెట్టి ఫిట్ వచ్చేదాకా చూసే పరీక్ష) కూడా అక్కడే చూపిస్తే చాలాసార్లు మెదడు మీద రికార్డింగ్ లేకుండానే ఆపరేషన్ అయిపోతుంది. మచ్చ అంచులు ఎంతవరకో తేలనప్పుడు ఆపరేషన్ చేస్తూనే తీసే రికార్డింగ్ పనికొస్తుంది. పుట్టుకతోనే మెదడు పొర సరిగ్గా అమరకపోవడం, కొన్ని రకాల చిన్న గడ్డలు ఇలాంటివే. స్కాన్‌లో ఏమీ లేకపోయినా, స్కాన్ ఒకటి ఈఈజీ ఇంకొకటి చెప్పినా దారి వేరు. పుర్రెకు సన్నని రంధ్రాలు పెట్టి, మిల్లీమీటరు మందం కూడా లేని తీగలు లోపలికి దింపి, వారం రోజులో ఇంకాస్త ఎక్కువో వార్డులో ఉంచి, ఫిట్ వచ్చేదాకా కాస్తారు. పారిస్‌లో తలైరాక్, బాంకో అనే ఇద్దరు డాక్టర్లు తెచ్చిన పద్ధతి అది. మీకు చెప్పింది ఈ రెండింట్లో ఏదో కనుక్కోండి. ఉండాల్సిన రోజులూ ఖర్చూ దాన్ని బట్టే మారతాయి. ఎలక్ట్రోడ్ల ఖరీదు ప్యాకేజీలో కలిసి ఉందో విడిగా కట్టాలో అప్పుడే అడిగేయండి.

మన దగ్గర ఇంకో తిరకాసు ఉంది. బద్దె పురుగు గుడ్ల వల్ల మెదడులో పడి, తర్వాత సున్నం కట్టిన మచ్చ చాలామంది స్కాన్లలో ఉంటుంది. ఫిట్స్ దానివల్లే అని అందరూ అనుకుంటారు. కొందరిలో అసలు మూలం వేరేచోట, కణత లోపలి హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగంలో ఉంటుంది. కనిపించిన మచ్చను తీసేసి పంపేయమని డాక్టర్‌ను తొందరపెట్టకండి.

ఇప్పుడు మీ పని. ఫిట్ వచ్చినప్పుడు ముందు మనిషిని చూసుకోండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, చేతిలో తాళంచెవులు, ఇనుపముక్కలు పెట్టే పని మానండి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్. ఇంకొకరు పక్కన ఉంటే వాళ్లు ఫోన్‌లో వీడియో తీయాలి. ముఖం ఒక్కటే కాదు, తల నుంచి కాళ్ల దాకా రావాలి. దుప్పటి తీసేయండి, లైటు వేయండి. పేరు పెట్టి పిలవండి, పలికాడో లేదో వీడియోలో వినబడాలి. ఆగిపోగానే కెమెరా కట్టేయకండి, ఇంకో ఐదు నిమిషాలు తీయండి. చేతికందిన వస్తువు చూపించి పేరడగండి. మాట ఎంతసేపటికి తిరిగొచ్చింది, ముక్కు ఏ చేత్తో రుద్దుకున్నాడు, ఇవన్నీ మాకు గుర్తులే.

వీడియో మొదలయ్యేసరికి ఫిట్ సగం అయిపోయి ఉంటుంది. అందుకే మొదటి ఐదు సెకన్లు చూసినవాళ్లు ఎవరో వాళ్లే ఆసుపత్రికి రావాలి. సాధారణంగా వచ్చేది మేనమామో, చదువుకున్న అన్నో. చూసింది మాత్రం పొయ్యి దగ్గర కూర్చున్న అవ్వ. కోస్గి నుంచి వచ్చిన ఒక పిల్లాడి ఫైల్‌లో ఎక్కడ చూసినా ‘కాళ్లూ చేతులూ కొట్టుకోవడం’ అనే రాసి ఉంది. వాళ్ల నాయనమ్మ మాత్రం కుర్చీలో సర్దుకుని కూర్చుని, తనే చేసి చూపించింది. "ముందుగాల కడుపుల ఏందో లేస్తుందంటడు బిడ్డా. గటెన్క మూతి చప్పరిస్తడు. ఎడమ చేత్తోని అంగి గుండీలు గిట్ల పిసుకుతడు. కుడి చెయ్యి గిట్ల వంకరపోయి బిగుసుకుంటది." ఎడమ చేయి గుండీలు పిసుకుతూ కుడి చేయి బిగుసుకుందంటే ఎడమ కణత వైపు అనుమానించాలి. ఎంఆర్ఐ మళ్లీ చూస్తే ఎడమ హిప్పోక్యాంపస్ కుంచించుకుని ఉంది.

వీడియో ఈఈజీకి చేరేటప్పుడు తలకు నూనె పెట్టకండి, షాంపూతో స్నానం చేయించి తీసుకురండి. నూనె ఉంటే తీగలు అంటుకోవు, ఆ జిడ్డు వదిలించడానికి మాకు పొద్దంతా పడుతుంది. ఫిట్స్ రావడానికి మందులు తగ్గించేది ఆసుపత్రిలోనే, వాళ్ల కళ్లముందే. ఎలాగూ ఆపుతారు కదా అని ఇంట్లోనే మాత్రలు మానిపించి అచ్చంపేటలో బస్సెక్కించారు ఒకాయనను. డిండి చేరకముందే బస్సులో మూడుసార్లు ఫిట్స్ వచ్చాయి.

ఆపరేషన్ ముందురోజు మత్తు డాక్టర్ వస్తారు. మాత్రల పేర్లు నోటితో చెప్పకుండా స్ట్రిప్పులే చేతికివ్వండి. క్లోబజామ్, క్లోనజెపామ్ లాంటివి వాడుతుంటే ప్రత్యేకంగా చెప్పండి, ఆ జాతి మందులు మేం వెతికే అలలనే అణచేస్తాయి. వాల్‌ప్రోయేట్ వాడుతుంటే రక్తం గడ్డకట్టే పరీక్షలు చూస్తారు. పొద్దున ఏ మాత్ర గుక్కెడు నీళ్లతో వేయాలో, ఏది వద్దో వాళ్లతోనే కాగితం మీద రాయించుకోండి.

ఇక లోపల ఏం జరుగుతుందో చెప్తాను. నెత్తి మీద తీసే ఈఈజీ గోడ అవతలి పెళ్లి మేళం వినడం లాంటిది, పుర్రె చాలా శబ్దం మింగేస్తుంది. థియేటర్‌లో ఆ గోడ ఉండదు. మెత్తటి సిలికాన్ పట్టీలో నాలుగు, ఆరు, ఎనిమిది ప్లాటినం బిళ్లలు ఉంటాయి, ఒకదానికీ ఇంకొకదానికీ సెంటీమీటరు దూరం. సర్జన్ దాన్ని సెలైన్‌తో తడిపి మెదడు మీద పరుస్తారు, మెదడును కప్పే పొర అంచు కిందినుంచి లోపలికి కూడా జారుస్తారు. ఒకటో నంబరు బిళ్ల ముందువైపుందా వెనకవైపుందా అని నేను గట్టిగా అడిగి, జవాబు వచ్చాకే రాసుకుంటాను. అది తలకిందులైతే మిగతాదంతా తలకిందులే.

మొదట తెర మీద అంతా గజిబిజి. రక్తం ఆపడానికి వాడే కరెంటు పరికరం, కాటరీ, ఆపమంటాను, ఒళ్లు వెచ్చగా ఉంచే మెషీన్ ఆపమంటాను, బల్ల ప్లగ్గు తీయమంటాను. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, సందు దొరికితే దూరుతుంది. ఈలోపు మత్తు డాక్టర్ గ్యాస్ తగ్గిస్తారు, ప్రొపోఫాల్ అనే మత్తుమందు ఇస్తుంటే ఆపుతారు. మత్తు మరీ ఎక్కువైతే మెదడు గీతలు చదునవుతాయి. తగ్గిస్తున్నారంటే మీవాళ్లకు నొప్పి తెలుస్తుందని కంగారుపడకండి. నెత్తి చర్మానికి విడిగా మత్తు సూది ఇస్తారు, మెదడుకు నొప్పి తెలియదు. మామూలు ఈఈజీకి గీత ఎత్తు మిల్లీమీటరుకు 7 నుంచి 10 మైక్రోవోల్టులు పెట్టే నేను ఇక్కడ 50 దాకా పోవాల్సి వస్తుంది, లేకపోతే గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి. అప్పుడు మూడో బిళ్ల, నాలుగో బిళ్ల దగ్గర సన్నగా, మొనదేలి ఒక అల లేస్తుంది. సెకనులో పదో వంతు కూడా ఉండదు. మళ్లీ అక్కడే, మళ్లీ అక్కడే. నేను నంబరు చెప్తాను, సర్జన్ అక్కడ చిన్న కాగితపు గుర్తు పెడతారు.

ఇందులో మనకు దొరికేది ఫిట్ కాదు, రెండు ఫిట్ల మధ్య మెదడు వేసే మెరుపులు. అవి లేచిన చోటంతా కోసేయరు. మాటకూ చేతికీ సంబంధించిన భాగం ఉంటే వదిలేస్తారు. ముక్క తీశాక మళ్లీ రికార్డ్ చేస్తారు. కొన్ని మెరుపులు మిగిలినా ఆపరేషన్ చెడిపోయినట్టు కాదు, కోత అంచులు కూడా కొన్నాళ్లు మెరుస్తాయి.

మాటల భాగం పక్కనే ఉంటే కొందరిని మధ్యలో మెలకువలోకి తెస్తారు. మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ అనే సర్జన్ పేరు తెచ్చిన పద్ధతి ఇది. సన్నని కరెంటు ఇస్తూ బొమ్మలు చూపించి పేర్లు అడుగుతారు, మాట ఆగితే ఆ చోటును వదిలేస్తారు. కరెంటుకు ఫిట్ లేస్తే చల్లటి సెలైన్ పోస్తారు, చాలాసార్లు వెంటనే తగ్గుతుంది. దీనికి ముందురోజే బొమ్మలతో రిహార్సల్ ఉంటుంది, మీరూ పక్కన కూర్చోండి. ఇంట్లో ఆలుగడ్డ అనేవాడు బంగాళదుంప బొమ్మ చూసి ఆలుగడ్డ అంటే అది సరైన జవాబే అని టీమ్‌కు చెప్పండి. ఎప్పుడూ చూడని వస్తువు బొమ్మలుంటే తీసేయించండి.

ఫలితం గురించి ఒక నిజమైన లెక్క: ఢిల్లీ ఎయిమ్స్‌లో 116 మంది పిల్లల మీద చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఆపరేషన్ అయినవాళ్లలో 77 శాతం మందికి ఏడాది తర్వాత ఫిట్స్ లేవు. మందులతోనే ఉన్నవాళ్లలో అది 7 శాతం. ఆపరేషన్ అయినవాళ్లలో 33 శాతం మందికి ఒకవైపు బలహీనత లాంటి తీవ్రమైన ఇబ్బందులూ వచ్చాయి, అందులో కొన్ని ఆ ఆపరేషన్లతో ముందే ఊహించినవి. మీవాళ్లకు తీసే భాగాన్ని బట్టి ఈ ఇబ్బందుల శాతం ఎంత అని సర్జన్‌ను సూటిగా అడగండి.

ఇంటికొచ్చాక మొదటి వారంలో ఒక ఫిట్ వస్తే అంతా పోయిందని ఏడవకండి, డాక్టర్‌కు చెప్పండి. మందులు ఆపకండి, ఏడాది రెండేళ్లు పడుతుంది. అప్పటిదాకా బావి మీద మోటరు స్టార్టర్, బండి నడపడం, సాగర్ కాలువలో ఈత, ఇవన్నీ బంద్.

డిశ్చార్జి రోజున కాగితాలతో పాటు ఇంకో రెండు అడిగి తీసుకోండి. ఏ బిళ్ల ఎక్కడ పెట్టారో చూపించే ఫోటో ఒకటి. రికార్డింగ్ కాపీ ఒకటి, ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకునేలా ఉండే ఈడీఎఫ్ ఫార్మాట్‌లో, పెన్‌డ్రైవ్‌లో. మామూలు ఫైల్ ఇస్తే ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ లేనిచోట తెరుచుకోదు. కొన్నేళ్లకు ఫిట్స్ మళ్లీ వచ్చి వేరే ఆసుపత్రికి పోతే అక్కడివాళ్లు మొదట అడిగేవాటిలో ఈ రెండూ ఉంటాయి.