చైనీస్ గుడిని ఫొటో తీయడం ఎలా?

సింగపూర్‌లో తెలోక్ ఆయెర్ వీధిలో థియాన్ హాక్ కెంగ్ గుడి ఉంది. 1839లో మొదలుపెట్టి 1842లో పూర్తిచేశారు. చైనాలోని ఫుజియాన్ నుంచి ఓడలెక్కి వచ్చిన హొక్కియెన్ జనం, క్షేమంగా ఒడ్డుకు చేర్చినందుకు సముద్ర దేవత మాజుకి కట్టుకున్న గుడి ఇది. అప్పట్లో సముద్రం గుడి ముందు దాకా ఉండేది. తర్వాత దాన్ని పూడ్చేశారు, ఇప్పుడు చుట్టూ ఆఫీసు టవర్లే. మొదటిసారి వెళ్లినప్పుడు రోడ్డు మీద నిలబడి నలభై ఫొటోలు కొట్టాను. ఇంటికొచ్చి చూసుకుంటే అన్నిట్లోనూ గుడి నెత్తిన ఓ అద్దాల బిల్డింగు! అప్పటి నుంచి నా పద్ధతి మార్చుకున్నాను.

మొదట, పొద్దున్నే వెళ్లండి. ఇక్కడ ఏడాది పొడవునా ఏడు గంటల ప్రాంతంలోనే తెల్లారుతుంది. పదకొండు దాటిందంటే సూర్యుడు నెత్తి మీదికి వస్తాడు, చూరు నీడ పడి ద్వారం మొత్తం నల్లబడిపోతుంది.

గుడి మొత్తం కనిపించే ఫొటో ఒకటి చాలు. దానికి కెమెరాను పైకి ఎత్తకండి, ఎత్తితే స్తంభాలు వెనక్కి వాలిపోయినట్టు వస్తాయి. ఎదుటి ఫుట్‌పాత్ దాకా వెనక్కి వెళ్లి, కెమెరాను నిటారుగా పట్టుకుని తీయండి. కింద రోడ్డు ఎక్కువగా వస్తే తర్వాత కత్తిరించుకోవచ్చు. ఫోన్‌లో అయితే గ్రిడ్ గీతలు ఆన్ చేసుకోండి.

ఇక అసలు పని పైకప్పు దగ్గర. ఎక్కువ టైము ఇక్కడే పెట్టండి. కప్పు అంచులు వానకోయిల తోకలా రెండుగా చీలి ఆకాశంలోకి లేస్తాయి, మధ్యలో రెండు డ్రాగన్లు ఒక ముత్యం వైపు ఎగబాకుతుంటాయి. కింది నుంచి చూస్తే రంగులేసిన బొమ్మల్లా ఉంటాయి గానీ, 200 ఎం.ఎం. జూమ్ వేసి చూడండి. డ్రాగన్ ఒంటి మీది ఒక్కో పొలుసూ ఒక్కో పింగాణీ ముక్క. రంగు రంగుల గిన్నెల్ని పట్టకారుతో పగలగొట్టి, ఆ ముక్కల్ని సున్నపు గచ్చులో గుచ్చి చేసే పని అది. పూల రేకులు కాస్త వంపు తిరిగి ఉంటాయి, అది గిన్నె వంపే. ఆ వంపు కనబడాలంటే ఎండ పక్క నుంచి పడాలి. నేరుగా పడితే అంతా మెరుపే తప్ప ఆకారం ఉండదు. పోలరైజర్ (లెన్స్ ముందు బిగించే, మెరుపు తగ్గించే ఫిల్టర్) ఉంటే మెల్లగా తిప్పుతూ ఆ మెరుపు తగ్గించండి, పూర్తిగా తీసేస్తే మాత్రం పింగాణీ ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది.

తర్వాత లోపలికి. గడప ఎత్తుగా ఉంటుంది. మన ఇళ్లలో లాగే, తొక్కకుండా దాటాలి. లోపల ఫొటోలు తీయొచ్చో లేదో బోర్డు చూసుకోండి, దండం పెట్టుకుంటున్నవాళ్ల ముఖాల మీదికి కెమెరా తిప్పకండి. ఫ్లాష్ వద్దే వద్దు.

లోపల అసలు టెన్షన్ ఎరుపుతో. స్తంభాలు, దూలాలు, తలుపులు అన్నీ ఎరుపే, దాని మీద బంగారు పూత. కెమెరా ఆ ఎరుపును ముద్దగా చేసేసి, చెక్కడం గీతలన్నీ మింగేస్తుంది. ఎక్స్‌పోజర్ (ఫొటోకి అందే వెలుగు) కాస్త తగ్గించి, అంటే మైనస్ 0.7 దగ్గర పెట్టి, రా (కెమెరా పట్టిన వివరాలన్నీ కుదించకుండా దాచే) ఫార్మాట్‌లో తీయండి. నీడలో ఉన్నదాన్ని తర్వాత వెలిగించుకోవచ్చు గానీ పోయిన ఎరుపు తిరిగి రాదు. చేతిలో పట్టుకుని తీస్తే ఐఎస్‌ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) 1600, షటర్ వేగం సెకనులో 1/60 వంతు నుంచి మొదలుపెట్టండి. ఫోన్‌లో బంగారు పూత మీద వేలు నొక్కిపట్టి వెలుగు కిందికి లాగితే చాలు.

ఈ గుడిని మేకులు లేకుండా కట్టారని చెబుతారు. అందుకే పైన ఒకదాని గాడిలో ఒకటి ఇమిడిన దూలాల అతుకుల్ని తప్పకుండా తీయండి. సరిగ్గా కింద నిలబడి కాదు, ఓ మూలకి జరిగి తీస్తేనే ఏది దేని మీద కూర్చుందో తెలుస్తుంది.

రాతి స్తంభాలకు చుట్టుకున్న డ్రాగన్లకూ పక్క వెలుగే కావాలి. బయటికి వచ్చేటప్పుడు ద్వారం దగ్గరి రాతి సింహాల కాళ్ల కింద చూడండి. సంప్రదాయం ప్రకారం మగ సింహం కాలి కింద బంతి, ఆడ సింహం కాలి కింద పిల్ల ఉంటాయి. ఆ పిల్ల ఎత్తుకు దిగాలంటే గొంతుక్కూర్చోవాలి, మోకాళ్లు సహకరించకపోతే ఫోన్‌ను తలకిందులుగా పట్టుకుని నేలకు ఆనించండి, లెన్స్ సరిగ్గా పిల్ల ముఖానికి ఎదురుగా వస్తుంది.